గోడ మీద గాజుపట్టీలు

మా బావతో కలిసి రోడ్డు మీద నడవడమంత చిరాకైన పని ఇంకోటి ఉండేది కాదు. పది అడుగులు వేస్తాడు, ఆగుతాడు. ఏదో ఒక గోడకి అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నవాడిలా కళ్లు సగం మూసుకుంటాడు. వెనక వచ్చేవాళ్లు గుద్దుకుంటారు, గొణుక్కుంటారు, తప్పుకుని పోతారు. ఆయనకి పట్టదు. బాగానే ఉందని గోడకి ఒక కితాబిచ్చి మళ్లీ పది అడుగులు. మా ఇంటి నుంచి ఆయన ఆఫీసుకి అరగంట దారి. మా బావకి గంటంబావు పట్టేది.

ఆ దారిలో సగం మేర మా రాజధానిలోని పెద్ద వీధి. దానికి ఒక పక్క వరసగా పాత భవనాలు. ఈ ఊరిని రాజధాని చెయ్యాలని ఎవరికో బుద్ధి పుట్టిన రోజుల్లో కట్టించినవి. కోర్టు, ఖజానా, పెద్ద పోస్టాఫీసు, అన్నిటికీ చివర పటాల కార్యాలయం. గజంన్నర మందం గోడలు, సున్నపు గచ్చు, మనిషిని నిలువునా మింగేటంత ఎత్తు కమాన్లు. రెండో పక్క బావ కుర్రతనంలో లేచిన కాంక్రీటు కార్యాలయాలు. అన్నీ ఒకే పోత, అన్నిట్లోనూ వాన కురుస్తుంది. వాటి నెత్తి మీదుగా ఈ మధ్య లేచిన గాజు టవర్లు.

వాటి గురించి బావకి గట్టి అభిప్రాయాలుండేవి. పాత గోడ తన బరువు మీద తనే కూర్చుంటుందట, దానికి కావలసిందల్లా కింద నేల కదలకుండా ఉండడమేనట. కాంక్రీటుది ఇనుము మీద ఆధారపడ్డ బతుకట. గాజు టవర్ల మాటెత్తితే మాత్రం మూతి తిప్పేవాడు. దానికో మొహం లేదు, మన మొహమే మనకి చూపించి పొమ్మంటుంది అనేవాడు. ఇదంతా నేను వందసార్లు విన్నాను. వందోసారి కూడా వెక్కిరించాను. ఆ టవర్లలో ఒకదాని దగ్గర నాకు కూడు పెట్టే ఉద్యోగం దొరికాక వెక్కిరింత ఇంకాస్త పెరిగింది.

బావ పుట్టింది సున్నం బట్టీ పక్కన. పన్నెండో ఏట గచ్చు నూరడం మొదలెట్టి, ఇరవై రెండో ఏట ప్రభుత్వ భవనాల శాఖలో తాపీ పనివాడిగా చేరాడు. మా అక్కని చూసింది పటాల కార్యాలయంలోనే. ఆ భవనం మధ్యలో పెద్ద గుండ్రటి హాలు, పైన గుమ్మటం. గుమ్మటం చుట్టూ ఉన్న కిటికీల్లోంచి వెలుగు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా పడేది. ఊళ్ల, నదుల పాత పటాలకి నకళ్లు గీసేవాళ్లకి ఆ వెలుగే కావాలి. అక్క ఆ హాల్లో నకలు గీసే ఉద్యోగి. బావ పరంజా ఎక్కి గుమ్మటం లోపలి పూత వేస్తుంటే తడి సున్నం ముద్ద ఒకటి జారి, అక్క నెల రోజులుగా గీస్తున్న నది మీద పడింది.

అప్పుడు అక్క తలెత్తి ఏమందో నాకు రెండు రకాలుగా తెలుసు. అక్క చెప్పేదాంట్లో, కాస్త చూసుకుని పని చెయ్యండి అంది. బావ చెప్పేదాంట్లో నేనిక్కడ రాయడానికి వీల్లేని మాటలు రెండున్నాయి. మర్నాడు ఆయన మరక గీకడానికని వచ్చాడు. ఆ మర్నాడు మరక పోయిందో లేదో చూడడానికని వచ్చాడు. అలా ఎనిమిది రోజులు వచ్చాక అక్కే విసుగెత్తి ఇంటికి రమ్మని చెప్పింది. మాకు అమ్మానాన్నలు అప్పటికే లేరు. ఇంట్లో పెద్దదిక్కు అక్క, చిన్నదిక్కు నేను, నాకు ఎనిమిదేళ్లు. ఆ పెళ్లితో అక్కతోపాటు నన్నూ ఇంటికి తెచ్చుకున్నాడు బావ. వాళ్లకి పిల్లలు కలగలేదు. ఆ బెంగ ఉంటే ఉండే ఉంటుంది, నా ముందు ఎప్పుడూ బయటపెట్టలేదు. నన్నే పెంచారు, నన్నే తిట్టారు, జ్వరమొస్తే నా మంచం పక్కనే వంతులేసుకుని కూర్చున్నారు. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి, ముందు ముందు చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

బావకి నలభై దాటాక పరంజాలెక్కడం కష్టమై, శాఖవాళ్లు పగుళ్ల రిజిస్టరు చేతిలో పెట్టారు. పాత గోడకి పగులుందంటే అది ఎప్పటిదో పాత పగులా, ఇంకా పెరుగుతోందా అన్నది తెలియాలి. దానికి చవకైన ఉపాయం గాజుపట్టీ. పగులుకి అడ్డంగా నాలుగు వేళ్ల పొడవు పల్చటి గాజుముక్క పెట్టి, రెండు కొసల్నీ చెరో పక్క సిమెంటు ముద్దతో గోడకి బిగిస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు ఠప్పున విరుగుతుంది. విరగలేదంటే గోడ కదల్లేదన్నమాట. పటాల కార్యాలయంలో అలాంటివి పదకొండు పట్టీలు. వాటికి నంబర్లు. బావ రోజూ పొద్దున్నే పదకొండూ చూసి, రిజిస్టరులో ప్రతి నంబరు పక్కనా "బాగున్నది" అనో "పగిలినది" అనో రాయాలి. ఒకే రోజున మూడు పట్టీలు పగిలితే భవనం ఖాళీ చేయించవలెను అని ఆ రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంటుంది.

ఆ పని చేతికొచ్చిన మొదటి ఏడాదే ఒకసారి పెద్ద ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. నాలుగో పట్టీ విరిగి ఉంది. బావ ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. ఆ ఇంజనీరు నలుగురి ముందూ బావని నిలబెట్టి, ఒక్క గాజుముక్కని కాపాడలేనివాడివి ఇంత భవనాన్ని ఏం కాపాడతావయ్యా అని దులిపేశాడు. పగిలినది అని రాస్తే మూడు నకళ్లతో నివేదిక పంపాలి, పై ఆఫీసు నుంచి ఎవరో రావాలి, ఏడాది చివర భవనం భద్రమని ఇచ్చే సర్టిఫికెట్ ఆగిపోతుంది. ఇంత తలనొప్పి ఎవరికి కావాలి? మా బావ రోషంగల మనిషి. ఆ రోజు నుంచి పట్టీ విరిగిందంటే సాయంత్రం లోపు ముక్కలు పీకేసి, కొత్త గాజు బిగించి, బాగున్నది అని రాసేవాడు. అబద్ధం కూడా కాదది, కొత్త గాజు బాగానే ఉంటుంది కదా.

చాలా ఏళ్లు దానివల్ల కొంప మునిగింది లేదు. ఏడాదికి ఒకటో రెండో విరిగేవి, ఎండకో, ఎవరైనా తలుపు ధడాలున వేసినందుకో. బావ జేబులో ఎప్పుడూ నాలుగు గాజుముక్కలు గుడ్డలో చుట్టి ఉండేవి. మా బావ భవనంలో పగిలిన పట్టీ ఒక్కటీ కనపడదని శాఖంతా చెప్పుకునేవారు. ఒక ఏడాది ఆయన్ని మెచ్చుకుంటూ కాగితం కూడా ఇచ్చారు. అక్క దానికి చట్రం కట్టించింది.

తర్వాత పటాల కార్యాలయం వెనకున్న ఖాళీ జాగాలో టవర్ పని మొదలైంది. పైకి ముప్ఫై రెండు అంతస్తులు, కార్లు పెట్టుకోవడానికి కిందికి ఐదు. ఆ ఐదంతస్తుల గొయ్యిలో నీళ్లు తోడే పంపుల దగ్గర నేను చేరాను. ఒకప్పుడు అక్కడ నది పాయ ఒకటి పారేదని అక్క నకలు గీసిన పటాల్లోనే ఉంది. పాయ ఎండిపోయినా దాని నీళ్లు అడుగున అలాగే ఉన్నాయి. ఎంత తోడినా ఊరేవి. ఆరు పంపులు, మూడు షిఫ్టులు. పర్మినెంటు ఉద్యోగం, సైటు పక్కనే ఉండడానికి ఒక గది. అక్క గర్వంగా అందరికీ చెప్పుకుంది. బావ మాత్రం గొయ్యి అంచున నిలబడి కిందికి చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది నీళ్లు తేటగా వచ్చాయి. రెండో ఏడాది నుంచి నీళ్లతోపాటు సన్నటి ఇసక రావడం మొదలైంది. బకెట్టుతో పట్టి కాసేపు ఉంచితే అడుగున రెండు వేళ్ల మందం ఇసక పేరుకునేది. నీళ్లు తేర్చే తొట్టి వారానికోసారి నిండిపోయేది, లారీ వచ్చి ఎత్తుకుపోయేది. నేను మేనేజరుతో చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇసక అన్న మాట మన గేటు దాటకూడదన్నాడు. ఆ ఇసక గొయ్యిలోది కాదు, చుట్టుపక్కల నేల కిందిది. ఆ సంగతి తెలియడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. నాకు తెలుసు. తెలిసీ రోజూ పొద్దున్నే స్విచ్చి వేశాను.

అటు బావ పట్టీలు నెలకొకటి విరగడం మొదలెట్టాయి. తర్వాత పదిహేను రోజులకొకటి. తర్వాత వారానికి రెండు. అన్నిటికంటే ఎక్కువగా ఏడో నంబరు, అది గుండ్రటి హాల్లో మా గొయ్యి వైపున్న వెనక గోడది, పటాల బీరువా చాటున ఉంటుంది. బీరువాకి నాలుగడుగుల్లో అక్క బల్ల. లారీల అదురుకి విరుగుతున్నాయనుకున్నాడు బావ. విరిగినప్పుడల్లా మార్చాడు. రిజిస్టరు నిండా బాగున్నది, బాగున్నది. టవర్ పని మొదలయ్యాక గడిచిన నాలుగేళ్ల పేజీలు తర్వాత నేను చూశాను. ఒక్కచోట కూడా చెయ్యి వణకలేదు.

కనిపెట్టింది గాజు కొట్టు ముసలాయన. బావ ఎప్పటిలాగే ముక్కలు కోయించుకోడానికి వెళ్తే, ఆయన గాజు మీద కోతములుకు పెట్టి ఆగిపోయాడట.

"మేస్త్రీ, ఇదివరకు నాలుగు వేళ్ల ముక్కలు కోయించుకునేవాడివి. పోయినేడాది ఐదన్నావు. ఇప్పుడు ఏడంటున్నావు. నీ వేళ్లేమన్నా సన్నబడ్డాయా?"

ముసలాయన నవ్వాడు. బావ నవ్వలేదు. పట్టీ బిగించడానికి పగులు పక్కన గట్టి గోడ కావాలి. అంచులు పెళుసెక్కి రాలిపోతుంటే కాస్త దూరం జరిగి బిగిస్తాడు, అంటే కాస్త పొడుగు గాజు కావాలి. చెయ్యి తనంతట తను పొడుగు ముక్క అడిగేసింది. బుర్ర ఆ లెక్క ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ ఆదివారం నన్ను తోడు తీసుకుని పటాల కార్యాలయానికి వెళ్లాడు. వాచ్‌మన్‌కి ఆయన కొత్త కాదు, తలుపు తీశాడు. హాలు ఖాళీగా ఉంది, బల్లల మీద పటాలకి గుడ్డలు కప్పి ఉన్నాయి. ఇద్దరం కలిసి బీరువా జరిపాం. ఏడో నంబరు పట్టీ రెండు రోజుల కిందట వేసింది, మధ్యకి విరిగి ఉంది. దాని చుట్టూ ఎండిన సిమెంటు ముద్దలు, పాతవి, ఇంకా పాతవి, రెండు వైపులా వరసలుగా. బావ బొటనవేలు పగుల్లో పెట్టాడు. మొదలంటా వెళ్లింది.

"నువ్వూ పెట్టి చూడు" అన్నాడు.

పెట్టాను. లోపల నుంచి చల్లటి గాలి నా వేలికి తగిలింది. గజంన్నర గోడలో గాలి ఎక్కడిదో నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బావ అలాగే నేల మీద చతికిలబడ్డాడు. ఏడో నంబరు ఇప్పటికి ఎన్నిసార్లు మార్చి ఉంటాడో వేళ్ల మీద లెక్కపెట్టబోయి, నలభై దాకా వచ్చి వదిలేశాడు.

"మార్చిన ప్రతిసారీ సున్నా నుంచి మొదలెట్టానురా" అన్నాడు. "ఒక్కసారి కూడా కూడలేదు."

తలెత్తి, మీ గోతిలో నీళ్లు తేటగా వస్తున్నాయా అని అడిగాడు. నాకేం తెలుసు బావా, నేను స్విచ్చి వేసేవాణ్ణి అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం నన్ను నేను సమాధానపరుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బావ పెద్ద ఇంజనీరు గదికి వెళ్లాడు. ఈయన ఆ పాత ఇంజనీరు కాదు, కుర్రవాడు, నెమ్మదస్తుడు. అంతా విని, రిజిస్టరు తెప్పించి బావ ముందు పెట్టాడు. నాలుగేళ్లుగా పదకొండుకి పదకొండూ బాగున్నాయని మీ చేత్తోనే ఉంది కదా, దేన్ని చూపించి భవనం ఖాళీ చేయించమంటారు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక్కటే ఉంది. బావ కాగితం అడిగి తీసుకుని, పట్టీలు విరిగితే ఎవరికీ చెప్పకుండా మార్చాననీ, రాసినవన్నీ తప్పుడు రాతలేననీ రాసి సంతకం పెట్టాడు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఇరవై నిమిషాల్లో రాశానన్నాడు.

ఆ కాగితం గోడ గురించి అని బావ అనుకున్నాడు. శాఖవాళ్లు అది బావ గురించి అనుకున్నారు. మూడో రోజుకి సస్పెండ్ చేశారు, తప్పుడు రాతల మీద ఎంక్వైరీ వేశారు, భవనంలో అడుగు పెట్టకూడదన్నారు. ఆ ఎంక్వైరీ తేలాకే గోడ సంగతి చూస్తామన్నారు. బావ స్థానంలో ఇంకో మేస్త్రీని పంపారు. అతను పదకొండు చోట్లా కొత్త గాజు బిగించి, కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి రోజు పదకొండు సార్లు బాగున్నది అని రాశాడు.

ఇంట్లో అక్కని ఆపడం బావ వల్ల కాలేదు. బతిమాలాడు, కేకలేశాడు, ఒక పూట గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అక్క చెప్పులేసుకుని ఎదురుగా నిలబడింది. ఆఫీసులో అందరూ తనని దొంగవాడి భార్యని చూసినట్టు చూస్తున్నారన్న ఉక్రోషం, ఇప్పుడు ఇంటికి తన జీతమే ఆధారమన్న భయం, రెండూ ఆ మొహంలో ఉన్నాయి.

"నాలుగేళ్లు బాగుందని రాశారు. ఇప్పుడు పడిపోతుందంటున్నారు" అంది. "మీ ఏ మాట నమ్మమంటారు నన్ను?"

బావ పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఆయన పటాల కార్యాలయం ఎదురుగా రోడ్డవతల నిలబడి, పొద్దున అక్క లోపలికి వెళ్లడం, సాయంత్రం బయటికి రావడం చూసేవాడు. మధ్యాహ్నం నా భోజన విరామంలో వెళ్లి పక్కన నిలబడేవాణ్ణి. గుమ్మటం మీదున్న ఇనప కడ్డీ చూపించి, నీ కంటికి నిటారుగా ఉందా అని అడిగేవాడు. నిటారుగానే ఉందనేవాణ్ణి. నాకు అలా కనిపించలేదు.

మంగళవారం పదకొండు గంటలకి పటాల కార్యాలయంలో గంట మోగడం మా సైటులోకి వినిపించింది. ఆగకుండా మోగుతోంది. మేనేజరు, నేను, ఇంకో ఇద్దరూ పరిగెత్తాం. ముందు ఆవరణలో ఉద్యోగులందరూ నిలబడి ఉన్నారు, నలభై మందికి పైనే, కొందరి చేతుల్లో కలాలు అలాగే ఉన్నాయి. బావని ఇద్దరు వాచ్‌మన్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆయన పాదాల దగ్గర చిన్న సుత్తి పడి ఉంది. పక్క తలుపులోంచి దూరి, గదులన్నీ తిరిగి పట్టీలు పగలగొట్టుకుంటూ వెళ్లాడట. ఆ పని మా బావ చేశాడంటే, సుత్తి కళ్లారా చూస్తూ కూడా నేను నమ్మలేకపోయాను. మూడు విరిగితే ఖాళీ చేయించాలన్నది నియమం కాబట్టి, కొత్త మేస్త్రీ గంట కొట్టాడు. పాపం, అతనొక్కడే ఆ రోజు నియమం ప్రకారం నడుచుకున్నాడు.

పెద్ద ఇంజనీరు కారు దిగి వచ్చాడు. లోపలికి వెళ్లి చూసొచ్చి, పదకొండూ పగలగొట్టావు, దేనికి, అని అడిగాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

"పది" అన్నాడు. "ఏడో దాన్ని నేను ముట్టుకోలేదండి. నేను వెళ్లేసరికే విరిగి ఉంది."

అందరూ కొత్త మేస్త్రీ వైపు చూశారు. ఏడో నంబరు నిన్న సాయంత్రమే కొత్తది బిగించానని అతను మెల్లగా అన్నాడు. ఇంజనీరు నొసలు ముడిచాడు, ఒక్క క్షణం ఆయన కూడా తటపటాయించాడని నాకనిపించింది. అంతలో వెనక నుంచి ఎవరో, నాలుగేళ్లు దొంగరాతలు రాసినవాడు ఇవాళ లెక్కలు చెబుతున్నాడు అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వుతో ఇంజనీరు తేరుకున్నాడు. బావని పోలీసు జీపు ఎక్కించమని, ఇది మతి చెడ్డ మనిషి చేసిన పని కాబట్టి ఉద్యోగులు తమ తమ చోట్లకి వెళ్లొచ్చని చెప్పాడు.

జీపు వెళ్లిపోయింది. ఎవరూ కదల్లేదు. అక్క గుంపులోంచి విడివడి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నా చెయ్యి పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా.

"మీ గొయ్యి ఈ గోడ వెనకాలే కదరా" అంది. "నీకేమన్నా తెలుసా? నువ్వు చెబితే నేను నమ్ముతాను."

మేనేజరు నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. నా వైపు చూడడం లేదు, తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. నోటి దాకా వచ్చింది. ఇసక అన్న ఒక్క మాట. ఇంతమందిలో వద్దు, సాయంత్రం ఇంటికి వచ్చాక నిమ్మళంగా చెబుదాం, రేపటి నుంచి వెళ్లకుండా ఆపుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"ఏం లేదక్కా" అన్నాను. "నీళ్లు మామూలుగానే వస్తున్నాయి."

అక్క నా చెయ్యి వదిలింది. జుట్టు సవరించుకుంది. నలభై మందీ చూస్తుండగా, అందరికంటే ముందు తనే మెట్లెక్కి లోపలికి వెళ్లింది. ఆ మనిషి భార్యే భయపడనప్పుడు మనకేం భయమని మిగతావాళ్లు వెనకాలే వెళ్లారు.

మధ్యాహ్నం మూడూ పదికి రెండో పంపు దగ్గి, నీళ్లకి బదులు చిక్కటి బురద కక్కింది. తర్వాత నాలుగో పంపు. నేను తలెత్తి చూశాను. గుమ్మటం మీది ఇనప కడ్డీ మా వైపు వంగుతోంది, తొందరేమీ లేనట్టు, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు. గొయ్యిలోంచి మెట్ల దాకా కూడా చేరలేదు నేను. చప్పుడు చెవులతో విన్న గుర్తు లేదు, కాళ్లలో తెలిసింది. ఆ తర్వాత చాలాసేపు సున్నం ధూళి తప్ప ఏమీ కనిపించలేదు. ముందు గదుల్లో ఉన్నవాళ్లు బయటపడ్డారు. గుండ్రటి హాల్లో ఉన్నవాళ్లలో తొమ్మిది మంది బయటికి రాలేదు. అక్క రాలేదు.

స్టేషన్‌కి నేనే వెళ్లాలి, ఇంకెవరున్నారు? నా బట్టల మీద ధూళి చూడగానే బావకి తెలిసిపోయింది. గోడ ఎటు పడిందని అడగలేదు. ఏడవలేదు. కటకటాలు రెండు చేతుల్తో పట్టుకుని, లోపలికి వెళ్లే ముందు మీ అక్క నీతో మాట్లాడిందట కదా, అక్కడే ఆగిన కానిస్టేబుల్ చెప్పాడు, అన్నాడు.

"ఏమడిగింది?"

"గొయ్యి సంగతి అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

ఆయన కళ్లల్లోకి చూడలేక కటకటాలు పట్టుకున్న ఆ వేళ్లని చూశాను. అన్నేళ్ల సున్నానికి చర్మం తెల్లగా పొలుసు కట్టి ఉంది.

"వెళ్లొద్దన్నాను బావా" అన్నాను. "ఇసక వస్తోంది, వెళ్లొద్దని చెప్పాను. వినలేదు."

ఆయన నమ్మాడు. నా ఉద్యోగం పోతుందని ఆ ఇసక మాట ఎక్కడా ఎత్తలేదు. ఎంక్వైరీలో, సుత్తి దెబ్బలకి పాత పగుళ్లు అదిరి గోడ బలహీనపడిందని తేల్చారు. బావ మూడేళ్లు శిక్ష అనుభవించి వచ్చాడు. పంపుల గురించి నన్ను ఎవరూ సాక్షిగా పిలవలేదు, నేను వెళ్లి చెప్పలేదు. టవర్ పూర్తయింది. అందులో కింది అంతస్తుల్లో పంపులు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటి మీద సూపర్‌వైజర్‌ని నేను. ఖజానా భవనం పక్కన ఇంకో గొయ్యి తవ్వుతున్నారు.

జైలు నుంచి వచ్చాక బావ నా గదిలోనే ఉన్నాడు, ఇంకో ఐదేళ్లు బతికాడు. అక్క గురించి ఎవరు అడిగినా కోపమూ ముద్దూ కలిసిన గొంతుతో, మహా మొండిదండీ, కన్నతల్లిలా పెంచుకున్న తమ్ముడు చెప్పినా వినలేదు అనేవాడు. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. పోయిన శీతాకాలంలో మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు పూర్తిగా పోయింది, చెవి నోటి దగ్గర పెడితే తప్ప వినపడదు.

"నేనైతే ఆ గోడ గురించి అన్నీ తప్పుడు రాతలే రాశాను" అన్నాడు. "నువ్వన్నా మీ అక్కకి నిజం చెప్పావు. ఆ ఒక్కటీ తలుచుకునే ఇన్నాళ్లూ నిద్రపోయానురా."

నేను దుప్పటి సరిచేసి, అవును బావా అన్నాను.